గేరు పంటి బలనిర్ణయ చరిత్ర

1879లో జాన్ హెచ్. కూపర్ అనే అమెరికన్ ఇంజనీరు, గేరు పన్ను ఎంత భారం మోయగలదో చెప్పడానికి అప్పటికి చెలామణిలో ఉన్న సూత్రాలను ఒకచోట చేర్చి చూడగా వాటి సంఖ్య సుమారు 48గా తేలింది. వాటిలో పరస్పరం అత్యంత దూరంగా ఉన్నవాటి నడుమ వ్యత్యాసం దాదాపు 500 శాతం. మరి ఏడేళ్లకు, 1886లో, ప్రొఫెసర్ విలియం హార్క్‌నెస్ 1796 మొదలుకొని వెలువడిన రచనలను పరిశీలించి, ఒకే జత చక్రాలు ఎంత శక్తిని అందించగలవన్న ప్రశ్నకు రచయితలు చెప్పిన సమాధానాల్లో ఒకటికి పదిహేను రెట్ల తేడా ఉందని చూపాడు. నదుల మీద ఇనుప వంతెనలను లెక్కకట్టి నిలబెడుతున్న కాలమది. ఆవిరి యంత్రపు సామర్థ్యాన్ని ఉష్ణగతిక శాస్త్రం తూచి చెబుతున్న కాలమది. అటువంటి కాలంలో, ప్రతి మిల్లులోనూ ప్రతి లేతులోనూ తిరిగే ఒక సామాన్య అవయవపు బలాన్ని గురించి విద్వాంసుల మధ్య ఇంతటి వైరుధ్యం ఉండడం యాదృచ్ఛికం కాజాలదు. దాని కారణాలు తెలియాలంటే పళ్లను కొయ్యతో చేసిన రోజుల దాకా వెనక్కి వెళ్లాలి.

రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ క్రీస్తుపూర్వం మొదటి శతాబ్ది చివర వర్ణించిన నీటి మర నాటి నుంచి పద్దెనిమిదవ శతాబ్ది నడిమి వరకు, బరువైన పని చేసే చక్రాలకు యూరప్‌లో పళ్లు ప్రధానంగా కొయ్యవే. చక్రపు అంచులో తొలిచిన తొర్రల్లో ఒక్కొక్క పంటినీ విడివిడిగా బిగించేవారు కనుక, ఒకటి విరిగితే మర ఆపి, ముందే చెక్కి ఉంచిన మరొకదాన్ని ఆ స్థానంలో దిగగొట్టి పని మళ్లీ సాగించేవారు. విరగడం వల్ల నష్టం కొద్దిపాటిది. పైగా, ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి విరగక తప్పని పరిస్థితి వచ్చినప్పుడు, ఖరీదైన ఇరుసు నిలిచి చవకైన పన్ను పోవడమే మర యజమాని కోరుకొనేది. మరమ్మతు అంత సులభమైన చోట గణనకు ప్రేరణ పుట్టదు. మర వడ్రంగికి గురువు వద్ద నేర్చిన కొలతలు చాలాయి, అవి తరతరాలుగా పనికి నిలిచాయి.

గణితజ్ఞుల దృష్టి పంటి మీద పడకపోలేదు. అయితే అది దాని ఆకారం మీదనే నిలిచిపోయింది. వారి ముందున్న సమస్యలు గడియారాలవి, ఖగోళ యంత్రాలవి. వాటిలో భారం స్వల్పం, చలనపు సమత్వమే సర్వస్వం. ఫ్రాన్సులో ఫిలిప్ ద లా హైర్ 1694లో ఎపిసైక్లాయిడ్ వక్రాలను పంటి రూపానికి అన్వయిస్తూ గ్రంథం ప్రకటించాడు. లియొనార్డ్ ఆయిలర్ 1760ల్లో ఇన్వల్యూట్ వక్రం ఈ పనికి తగినదని నిరూపించాడు. కేంబ్రిడ్జి ఆచార్యుడు రాబర్ట్ విల్లిస్ 1841లో వెలువరించిన గ్రంథం ఆ జ్ఞానాన్ని కర్మాగారానికి అందుబాటులోకి తెచ్చింది. ఈ పరంపర ఘనమైనది, దాని ఫలం లేకపోతే తరువాతి బలగణన సాధ్యమయ్యేదే కాదు. అయినా దాదాపు ఒకటిన్నర శతాబ్దం పాటు, పంటి ఆకారం ఎరిగినవారు దానిమీద పడే భారాన్ని పట్టించుకోలేదు. ఆ భారంతో రోజూ తలపడేవారికి ఆకార శాస్త్రం అందలేదు.

ఈ స్థితిని కదిలించినది పోత ఇనుము. బ్రిటన్‌లో జాన్ స్మీటన్, ఆయన తరువాత జాన్ రెన్నీ, మర నిర్మాణంలోకి దాన్ని విరివిగా తెచ్చారు. 1786లో లండన్‌లో వాట్ ఆవిరి యంత్రాలతో పని మొదలుపెట్టి 1791లో అగ్నికి ఆహుతైన ఆల్బియన్ పిండిమరలో, అంతకుముందు కొయ్యతో చేసే ఇరుసులనూ చక్రాలనూ రెన్నీ ఇనుముతో చేయించాడు. చక్రమూ పళ్లూ ఏకఖండంగా పోతపోసినప్పుడు ఒక్క పన్ను విరిగినా చక్రం మొత్తం వృథా. ఆ చక్రం ఒకే ఇంజను మీద నడిచే నూలు మిల్లులోనిదైతే, మిల్లంతా ఆగిపోతుంది. పోత ఇనుము నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనమైనది. ముందుగా వంగి హెచ్చరించకుండా ఒక్కసారిగా విరిగే స్వభావం గలది. పోతలో చిక్కుకొన్న బుడగలను పైకి కనబడకుండా దాచుకోగలది. కొయ్య యుగంలో మరమ్మతు తీర్చిన సమస్యను ఇనుప యుగంలో ముందుచూపే తీర్చాలి. పంటి బలాన్ని లెక్కగట్టవలసిన అవసరం నిజానికి అప్పుడు పుట్టింది.

అందుకు కావలసిన సిద్ధాంతం అప్పటికే చేతిలో ఉంది. గెలీలియో 1638లో ప్రచురించిన సంవాద గ్రంథంలో, ఒక కొస గోడలో పాతుకొని మరొక కొస మీద బరువు మోసే దూలాన్ని పరిశీలించి, దాని బలం వెడల్పుకూ మందపు వర్గానికీ అనులోమంగా, పొడవుకు విలోమంగా ఉంటుందని చెప్పాడు. ఆయన వేసిన గుణకం తప్పే అయినా అనుపాతం సరైనది. ఆ గుణకాన్ని పరాన్, కూలుంబ్, నేవియేలు క్రమంగా సవరించారు. గేరు పన్ను కూడా ఒక కొస అంచులో నాటుకొని, మరొక కొస మీద ఒత్తిడి భరించే పొట్టి దూలమే. బ్రిటన్‌లో పోత ఇనుము బలంపై 1822లో గ్రంథం ప్రకటించిన థామస్ ట్రెడ్‌గోల్డ్ ఈ దృష్టితోనే పంటిని లెక్కగట్టాడు. కాని ఆయనకు ఒక భయం ఉంది, అది నిరాధారమైనది కాదు. ఇసుక అచ్చులో పోసి, ఉలితో సరిచేసిన పళ్లు పూర్తి వెడల్పున ఒకదానికొకటి ఆనవు. షాఫ్టు కొద్దిగా ఒరిగినా భారమంతా పంటి ఒక మూల మీద పడుతుంది. అప్పుడు ఆ మూల ఏటవాలుగా తెగి ఊడిపోతుంది. అట్టి స్థితికి లెక్కవేస్తే వెడల్పు, ఎత్తు రెండూ సూత్రంలోంచి తొలగిపోయి, బలం కేవలం మందపు వర్గాన్ని అనుసరిస్తుంది.

నలభై ఎనిమిది సూత్రాల రహస్యంలో ఒక భాగం ఇక్కడే ఉంది. భారం పంటి వెడల్పంతటా పరచుకొన్నదని భావించిన రచయితకు బలం పిచ్‌నూ (పక్కపక్క పళ్ల నడుమ దూరం) వెడల్పునూ గుణించగా వస్తుంది; మూలమీదనే పడుతుందని భావించినవాడికి పిచ్ వర్గంగా వస్తుంది. ఒకే చక్రం మీద ఈ రెండు లెక్కలూ వేరువేరు ఫలితాలిస్తాయి, రెంటికీ హేతువు ఉంది. దీనికితోడు ఒకరు ఒకే పన్ను భారమంతా మోస్తుందని, మరొకరు రెండు పళ్లు పంచుకొంటాయని అనుకొన్నారు. ఒకరు కొత్త పంటిని, మరొకరు అరిగిన పంటిని లెక్కించారు. తమ ప్రాంతపు కొలిమిలో పోసిన ఇనుము బలాన్నే లోకమంతటి ఇనుము బలంగా భావించారు. ఈ ఊహలన్నీ ఒకే స్థిరాంకంలో కలిసిపోయి, ఆ స్థిరాంకం ఒక గ్రంథం నుంచి మరొక గ్రంథానికి నడిచేటప్పుడు వాటి మూలాలు వెనుకబడిపోయాయి. ఈ రచయితల అజాగ్రత్తను నిందించడం సులభం; కాని వారిలో ఎక్కువమంది తమ చేతిమీదుగా మిల్లులు కట్టినవారు, వారి చక్రాలు తిరిగాయి. ఎవరి సూత్రం వారి కర్మాగారానికి సత్యమే. కర్మాగారం మారితే అది సత్యంగా నిలవలేదు.

విల్‌ఫ్రెడ్ లూయిస్ ఈ చిక్కును విప్పినవాడు, ఫిలడెల్ఫియాలోని విలియం సెల్లర్స్ సంస్థలో ఇంజనీరు. ఆ సంస్థ యంత్ర పరికరాల నిర్మాణంలో నిర్దుష్టతకు, స్క్రూ మరల కొలతల ప్రమాణీకరణకు ప్రసిద్ధి చెందినది. అక్కడ పళ్లను యంత్రంతో కోసేవారు, ఒకసారి కోసిన పన్ను ఆకారం మరొకసారి కోసినదానితో సరిపోలేది. 1892 అక్టోబరు 15న ఫిలడెల్ఫియా ఇంజనీర్ల క్లబ్బులో లూయిస్ పంటి బలంపై చదివిన పత్రం ఆ వాతావరణంలో తప్ప పుట్టేది కాదని నా అభిప్రాయం. అచ్చులో పోసిన పంటికి నిశ్చితమైన ఆకారం లేదు, కోసిన పంటికి ఉంది. ఆకారం నిశ్చితమైతేనే దానిని లెక్కలో చేర్చవచ్చు.

ఆయనకు ముందున్న సూత్రాలు పంటిని ఒక దీర్ఘచతురస్రపు దిమ్మెగా తీసుకొని, చక్రానికి పళ్లు పన్నెండున్నా నూరున్నా ఒకే బలం ఆపాదించేవి. పళ్లు తగ్గినకొద్దీ పంటి మొదలు సన్నబడుతుందని లూయిస్ గమనించాడు. భారం పంటి కొనమీద పడినట్టు భావించి, ఆ బలరేఖ పంటి మధ్యరేఖను ఖండించే బిందువును శీర్షంగా గ్రహించి, ఆ పంటి రెండు పక్కలనూ లోపలినుంచి తాకే పరావలయాన్ని గీశాడు. పరావలయాకారపు దూలంలో ప్రతి అడ్డుకోతలోనూ ప్రతిబలం సమానం. కనుక పన్ను ఆ వక్రాన్ని తాకే చోటే దానికి అత్యంత బలహీనమైన చోటు. ఆ చోటి మందాన్ని కొలిచి పిచ్‌తో పోల్చగా ఒక చిన్న సంఖ్య మిగులుతుంది. పదిహేను డిగ్రీల ఇన్వల్యూట్ పద్ధతిలో పన్నెండు పళ్ల చిన్న చక్రానికి, అంటే పినియన్‌కు అది 0.067, సరళరేఖలో సాగే ర్యాక్‌కు 0.124. ఒకే పిచ్, ఒకే లోహం ఉన్నా ర్యాక్ పన్ను పినియన్ పంటికి దాదాపు రెట్టింపు బలమైనది. ఒక జతలో ముందు విరిగేది చిన్న చక్రమేనని పనివారికి చిరకాలంగా తెలుసు. ఎంత ముందన్న ప్రశ్నకు అప్పుడు జవాబు దొరికింది.

లూయిస్ చేసిన మేలును సరిగా గుర్తించాలి. ఆయన సూత్రంలో నాలుగే అంశాలున్నాయి: అనుమతించదగిన ప్రతిబలం, పిచ్, వెడల్పు, ఆకార గుణకం. వీటిలో చివరి మూడూ జ్యామితికి చెందినవి, వాటిలో వివాదానికి తావు లేదు. వివాదాస్పదమైన సర్వస్వాన్నీ ఆయన మొదటి అంశంలోకి నెట్టి, దాని విలువలను తాత్కాలికంగానే సూచిస్తున్నానని స్పష్టంగా చెప్పాడు. తెలిసినదాన్ని తెలియనిదాని నుంచి విడదీసి, తెలియనిదానికి ఒక నిర్దిష్టమైన స్థానం కేటాయించడం ఆయన అసలు ఘనత. లోపాలు లేవని కాదు. పంటిని నిలువునా నొక్కే అంశాన్ని ఆయన వదిలేశాడు. మొదట్లోని వంపులో ప్రతిబలం పోగుపడే సంగతి లెక్కలో లేదు. కొనమీద భారం పడే వేళకు సాధారణంగా వెనుకటి పన్ను ఇంకా పట్టు వదలకుండా భారాన్ని పంచుకొంటుందన్న సంగతీ లేదు. రెండవది బలాన్ని ఎక్కువచేసి చూపే లోపం, మూడవది తక్కువచేసి చూపేది. ఈ రెండూ పరస్పరం కొంత చెల్లిపోవడం ఆ సూత్రం దీర్ఘాయువుకు ఒక కారణం.

లూయిస్ సూచించిన ప్రతిబలాలు వేగంతో తగ్గుతూ పోతాయి. పంటి వేగం నిమిషానికి 100 అడుగులు మించని పోత ఇనుప చక్రానికి చదరపు అంగుళానికి 8,000 పౌండ్లు. 600 అడుగుల వద్ద 4,000. 2,400 అడుగుల వద్ద 1,700 మాత్రమే. ఉక్కుకు ఇవే వేగాల్లో 20,000, 10,000, 4,300. ఈ పట్టికను సెల్లర్స్ సంస్థలోనే పనిచేసిన నార్వే దేశస్థుడు కార్ల్ బార్త్ ఒక చిన్న భిన్నంగా కుదించాడు: 600ను, 600కు వేగాన్ని కలపగా వచ్చినదానితో భాగించాలి. ఆ భిన్నం నేటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచి ఉంది. కాని వేగం పెరిగితే పన్ను ఎందుకు బలహీనపడాలి? లోహం మారలేదు, ఆకారం మారలేదు. మారినది భారమేనని లూయిస్‌కు తెలియకపోలేదు. దాన్ని విడిగా కొలిచే సాధనం చేతిలో లేక, భారం పెరుగుదలను బలం తగ్గుదలగా రాసుకొన్నారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గైడో మార్క్స్, 1912లోను, తిరిగి లారెన్స్ కట్టర్‌తో కలిసి 1915లోను, పోత ఇనుప చక్రాలను తిప్పుతూ విరగ్గొట్టి ఫలితాలు ప్రకటించాడు. ఏకకాలంలో పట్టులో ఉండే పళ్ల సంఖ్య బలాన్ని ప్రభావితం చేస్తుందని, ఆ విషయంలో లూయిస్ సూత్రం అసంపూర్ణమని ఆ ప్రయోగాలు సూచించాయి.

అంతకన్న పెద్ద ఒత్తిడి సముద్రం మీదినుంచి వచ్చింది. ఆవిరి టర్బైను అతివేగంగా తిరిగితేనే పొదుపు, ఓడ ప్రొపెల్లరు నెమ్మదిగా తిరిగితేనే పొదుపు. చార్లెస్ పార్సన్స్ వెస్పేసియన్ అనే పాత సరుకు ఓడను కొని, 1910 నాటికి దాని పాత ఇంజను స్థానంలో గేర్లతో కూడిన టర్బైను అమర్చి, సుమారు ఇరవైకి ఒకటిగా వేగాన్ని తగ్గించి, బొగ్గు ఖర్చులో దాదాపు 15 శాతం ఆదా చూపాడు. ఆ విజయంతో వేల అశ్వశక్తులు గేరు పళ్ల మీదుగా ప్రవహించడం మొదలైంది. పళ్లు కోసే హాబింగ్ యంత్రపు ప్రధాన చక్రంలోని దోషం ప్రతి చుట్టులోనూ ఒకే చోట పునరావృతమై, కోసిన గేరులో అచ్చుగుద్దినట్టు దిగుతుందని, ఆ దోషమే చప్పుడుకు మూలమని పార్సన్స్ గ్రహించాడు. దాన్ని అంచంతటా చెదరగొట్టే ఏర్పాటునొకదాన్ని కల్పించాడు. పంటి యోగ్యత దాని లోహంతోపాటు దాన్ని కోసిన యంత్రపు నాణ్యత మీద కూడా ఆధారపడుతుందన్న సత్యం అక్కడ బయటపడింది.

ఆ సత్యాన్ని లెక్కలోకి తెచ్చే ప్రయత్నానికి వృద్ధాప్యంలో లూయిస్ స్వయంగా నాయకత్వం వహించడం ఈ చరిత్రలో నేను అత్యంత గౌరవించే ఘట్టం. ముప్ఫై ఏళ్లుగా తన పేరుతో నడుస్తున్న సూత్రంలోని అనిశ్చితమైన అంశాన్ని ప్రయోగంతో తేల్చడానికి ఆయన 1923లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఒక పరీక్షా యంత్రాన్ని ప్రతిపాదించాడు. ఆ సంఘం నియమించిన పరిశోధక సమితికి ఆయనే అధ్యక్షుడు. పరీక్షలు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జరిగాయి. ఫలితాలు చూడకుండానే ఆయన 1929లో మరణించాడు. 1931లో వెలువడిన నివేదికకు రూపమిచ్చినవాడు ఎర్ల్ బకింగ్‌హామ్. పంటి ఆకారంలో వేలవంతు అంగుళాల్లో ఉండే దోషం, దానివల్ల క్షణకాలం వేగం పుంజుకొని లేదా వెనుకబడి మళ్లీ ఢీకొనే చక్రాల ద్రవ్యరాశి, ఆ దెబ్బను మింగే పళ్ల స్థితిస్థాపకత అనే మూడింటి నుంచి గతికభారం పుడుతుందని ఆ నివేదిక చూపింది. వేగం ఒక్కటే దానికి కొలత కాదు. మెరుగ్గా కోసిన గేరు అదే వేగంలో తక్కువ దెబ్బ తింటుంది; బార్త్ భిన్నం దాన్ని అన్యాయంగా శిక్షిస్తుంది. బకింగ్‌హామ్ సమీకరణం కొన్ని సందర్భాల్లో భారాన్ని మితిమీరి చూపుతుందని తరువాతివారు విమర్శించారు, ఆ విమర్శ సబబే. అయినా ప్రశ్న వేయవలసిన చోటును నిర్ణయించినది ఆయనే.

ఇంతలో పంటి మొదట్లోని వంపు సంగతి కూడా వెలుగులోకి వచ్చింది. పారదర్శక పదార్థంతో పంటి నమూనా చేసి, దానిమీద బరువు మోపి, ధ్రువిత కాంతిలో చూస్తే ప్రతిబలం రంగుల పట్టీలుగా కనబడుతుంది. ఈ పద్ధతిలో టిమొషెంకో, బాడ్ 1926లోను, ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డోలన్, బ్రోగామర్ 1942లోను, వంపు ఎంత బిగుతుగా ఉంటే అక్కడ ప్రతిబలం అంత పోగుపడుతుందని కొలిచి చూపారు. ప్రష్యా రైల్వేలో ఆగస్ట్ వోలర్ పంతొమ్మిదవ శతాబ్దంలోనే ఇరుసులపై చేసిన పరీక్షలు, లోహం ఒక్కసారి మోయగల భారాన్ని లక్షలసార్లు మోయలేదని తేల్చి ఉన్నాయి. తిరిగే గేరులో ప్రతి పన్నూ చుట్టుకొకసారి వంగుతుంది కనుక, లోహపు అలసట ఆ బిగుతైన వంపులోనే మొదలవుతుంది.

విరగడం ఒక్కటే పంటికి వచ్చే ఆపద కాదు. 1881 జనవరిలో, ఇరవై మూడేళ్ల హైన్రిచ్ హెర్ట్జ్, బెర్లిన్‌లో గాజు కటకాలను ఒకదానిపై ఒకటి ఒత్తినప్పుడు ఏర్పడే స్పర్శను గురించి చదివిన పత్రానికీ మిల్లులకూ సంబంధమేమీ లేదు. కాని రెండు వంపు తలాలు ఒరుసుకొనే సన్నని గీతలో ప్రతిబలం ఎంతన్న ప్రశ్నకు అదే ఏకైక సమాధానమైంది. ఆ ప్రతిబలం భారపు వర్గమూలంగా పెరుగుతుంది. భారం రెట్టింపైతే అది సుమారు 41 శాతమే హెచ్చుతుంది. ఉక్కును గట్టిపరిచే విద్య ముదిరినకొద్దీ పళ్లు విరగడం తగ్గి, పని చేసే ముఖం మీద గుంటలు పడడం ప్రధాన వ్యాధిగా కనబడసాగింది. స్టీవర్ట్ వే 1935లో ప్రకటించిన ప్రయోగాల్లో, కందెన లేని చోట ఈ గుంటలు ఏర్పడలేదు. పగులులోకి చొరబడిన నూనెయే దాన్ని లోపలికి తెరుస్తుందని ఆయన వివరించాడు. ఆ కందెన పొర వేడికి తెగి, పళ్లు క్షణకాలం అతుక్కొని చీరుకుపోయే మరొక రకపు నాశనానికి హర్మెన్ బ్లాక్ 1937లో ఉష్ణ సిద్ధాంతం ఇచ్చాడు. అప్పటినుంచి గేరు బలమంటే ఒకే సంఖ్య కాకుండా పోయింది. వంపుకు ఒకటి, ముఖానికి ఒకటి, వేడికి ఒకటి లెక్కించి, వాటిలో కనిష్ఠమైనదాన్ని గ్రహించడమే నియమమైంది.

1916లో ఏర్పడిన అమెరికన్ గేరు తయారీదారుల సంఘం, జర్మనీలో ప్రమాణాలు రాసినవారు, ఈ పరిశోధనలన్నిటినీ గుణకాల రూపంలో వరుసపెట్టారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6336 తొలిసారి 1996లో వెలువడింది. అమెరికన్ పద్ధతి నేటికీ లూయిస్ పరావలయాన్ని గీస్తుంది. అంతర్జాతీయ పద్ధతి పంటి మొదట్లోని వంపును ముప్ఫై డిగ్రీల స్పర్శరేఖ తాకే చోటును బలహీన స్థానంగా తీసుకొంటుంది. ఒకే గేరుకు ఈ రెండూ ఒకే అంకె చెప్పవు. రెంటిలోనూ, భారం వెడల్పంతటా సమంగా పడకపోవడాన్ని లెక్కించే గుణకమొకటి ఉంది. ట్రెడ్‌గోల్డ్ మూలను చూసి పడిన భయం ఈ రూపంలో తిరిగి వచ్చిందని చెప్పవచ్చు. కోసిన పళ్ల కాలంలో దాన్ని పూర్తిగా వదిలేయడం తొందరపాటేనని, పొడవైన పినియన్ భారం కింద మెలితిరిగి ఒక కొసనే ఆనుతుందని అనుభవం నేర్పింది.

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో యంత్ర రూపకల్పన పాఠం ఈనాటికీ లూయిస్ సూత్రంతో మొదలై బకింగ్‌హామ్ సమీకరణానికి చేరుతుంది. పరీక్షకు డేటా పుస్తకం చేతపట్టుకొని వెళ్లే విద్యార్థికి 1892 నాటి ఆకార గుణకం అందులో ఒక పట్టికగా ఎదురవుతుంది. అది కేవలం చరిత్రావశేషం కాదు. కోస్తా జిల్లాల చక్కెర కర్మాగారాల్లో చెరకు పిండే రోలర్లు నిమిషానికి కొద్ది చుట్లే తిరుగుతాయి. వాటిని తిప్పే భారీ గేర్ల వద్ద వేగం దాదాపు లేదు, బరువు అపారం. అటువంటి చోట గతికభారం గురించి తరువాతివారు చేర్చిన గుణకాలన్నీ ఒకటికి చేరువై, లూయిస్ మొదట రాసిన నాలుగు అంశాలే ప్రధానంగా మిగులుతాయి.

నేటి ప్రమాణాల్లో గేరు ఆకారం, లోహం, కోతలోని దోషం, కందెన చిక్కదనం అన్నిటికీ కొలతలున్నాయి. గేరు పెట్టెకు బయట, దాన్ని నడిపే యంత్రమూ అది నడిపే యంత్రమూ ఇచ్చే కుదుపులకు మాత్రం ప్రయోగ గుణకమనే ఒకే అంకె ఉంది. విద్యుత్ మోటారు సమంగా తిప్పుతూ, అవతలి యంత్రమూ సమంగా భారం తీసుకొంటే అది 1.00, ఒకే సిలిండరు గల ఇంజను రాళ్లు పగలగొట్టే యంత్రాన్ని తిప్పితే 2.25 లేదా అంతకు పైన. వీలున్న చోట నిజమైన భారాన్ని కొలిచి, ఆ కొలతతోనే లెక్కవేయడం ఉత్తమం. షాఫ్టుకు స్ట్రెయిన్ గేజి అంటించి టార్కును నమోదు చేయడం ఇప్పుడు కష్టం కాదు. కాని కొత్త మిల్లు కట్టకముందే దాని గేరు పెట్టెను ఆర్డరు చేయాలి కనుక, రూపకర్త ఎక్కువ సందర్భాల్లో పట్టికలోని వరుసను తన వివేచనతోనే ఎంచుకోవలసి వస్తున్నది.